నిమ్మాకులు తింటున్న ఆ పురుగుల జోలికి వెళ్ళకండి

ప్రశ్న: మా ఇంటి వెనక కొంచెం ఖాళీ స్థలం ఉంది. సీతాకోకచిలుకలు వస్తాయని ఆశపడి నర్సరీ నుంచి ముద్దబంతి, చామంతి, పెటూనియా, జిన్నియా, ఇంకా పేరు తెలియని రంగురంగుల మొక్కలు తెచ్చి వేశాను. పూలు బాగానే పూస్తున్నాయి. చిలుకలు మాత్రం ఎప్పుడో ఒకటి వచ్చి, రెండు పూల మీద వాలి, గోడ దాటి వెళ్ళిపోతోంది. పైగా నిమ్మ మొక్కనీ, కరివేపాకునీ పురుగులు తినేస్తున్నాయి. మొదట పిట్ట రెట్టలా ఉంటాయి, తర్వాత పచ్చగా, లావుగా అవుతాయి, కదిలిస్తే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెడతాయి. వారానికోసారి వేపనూనె కొడుతున్నా మళ్ళీ వస్తున్నాయి. గొంగళిపురుగులు తగిలితే దద్దుర్లు వస్తాయని మా అత్తగారు పిల్లల్ని పెరట్లోకి వెళ్ళనివ్వట్లేదు. మా అమ్మాయేమో ఒక పురుగుని సీసాలో పెట్టి పెంచుతానంటోంది. మన నేల మొక్కలు వేస్తే సీతాకోకచిలుకలు వస్తాయని చదివాను. ఏవి వేయాలి? వచ్చినా అవి ఒక్కచోట నిలవవు కదా, చూడడం ఎలా? ఎండాకాలంలో ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ వేపనూనె సీసా పక్కన పెట్టేయండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి నిమ్మ మొక్క మీద ఉన్నవి లైమ్ బటర్‌ఫ్లై పిల్లలో, కామన్ మార్మన్ పిల్లలో అయ్యుండాలి. అంటే మీ పెరటికి సీతాకోకచిలుకలు రావడం లేదన్న మాట నిజం కాదు. వస్తున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, పిల్లలు అవుతున్నాయి. వాటిని వారం వారం మీరే చంపేస్తున్నారు. వేపనూనె సహజమైనదే కదా అని చాలామంది ధైర్యంగా కొట్టేస్తారు. అందులో ఉండే అజాడిరాక్టిన్ పురుగుకి తిండి సహించకుండా చేస్తుంది, పాత చర్మం విడిచి పెరగనివ్వదు. ఏది చీడపురుగో, ఏది చిలుక పిల్లో దానికేం తెలుసు?

ఆ పిట్ట రెట్ట వేషం గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. తల్లి లేత చిగురు వెతుక్కుని లేత పసుపు రంగు గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. గుడ్డు సైజు ఆవగింజ కన్నా మించదు. అందులోంచి వచ్చిన పిల్ల గోధుమ రంగులో, నడుం దగ్గర తెల్లటి మచ్చతో, కాస్త తడిగా మెరుస్తూ ఆకు మధ్యలో కదలకుండా పడుంటుంది. పిట్టలకి అది తిండిలా కనిపించదు. చర్మం విడిచినప్పుడల్లా పెరుగుతూ, చివరికి ఆ వేషం సరిపోనంత పెద్దదయ్యాక ఒక్కసారిగా పచ్చగా మారుతుంది. తల వెనక ఉబ్బిన చోట కళ్ళలాంటి గుర్తులుంటాయి. అవి కళ్ళు కావు. అసలు తల ఆ ఉబ్బు కింద ముడుచుకుని ఉంటుంది. మీరు చూసిన ఎర్రటి కొమ్ముల్ని ఆస్మెటీరియం అంటారు. మామూలప్పుడు లోపలికి మడిచి ఉంచుకుని, ఎవరైనా కదిలిస్తే బయటికి నెట్టి ఘాటైన వాసన వదులుతుంది. చీమలూ, చిన్న కందిరీగలూ దగ్గరికి రాకుండా అది దాని ఏర్పాటు. కుట్టదు, కరవదు. కావాలంటే ఒకసారి పుల్లతో మెల్లిగా తాకి వాసన చూడండి.

గుడ్డు పెట్టిన నాటి నుంచి చిలుక ఎగిరేదాకా మామూలుగా నెల అటూ ఇటూగా పడుతుంది. అందులో మీ ఆకులు తినేది రెండు మూడు వారాలే. బాగా బలిసిన పురుగు ఒక రోజు ఉన్నట్టుండి మాయమైపోతుంది. పిట్ట ఎత్తుకుపోయి ఉండొచ్చు, కానీ ప్యూపాగా (పురుగు చిలుకగా మారే గూడు దశ) మారడానికి చోటు వెతుక్కుంటూ దిగిపోయి కూడా ఉండొచ్చు. కొమ్మల వెనక, గోడ మూలల్లో, కుండీ అంచు కింద వెతకండి. తోకని పట్టు చుక్కతో అంటించుకుని, నడుం చుట్టూ సన్నటి పట్టు దారం ఒకటి కట్టుకుని, తల పైకి పెట్టి కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆకుల మధ్య కట్టుకుంటే పచ్చగా, ఎండు కొమ్మ మీదో గోడ మీదో అయితే మట్టి రంగులో ఉండడం మామూలు. అందుకే పక్క నుంచి పదిసార్లు నడిచినా కళ్ళబడదు.

ఇక మొక్క సంగతి. ఛాతీ ఎత్తు దాటిన నిమ్మకి ఇదంతా ఒక లెక్క కాదు, మళ్ళీ చిగురు వేస్తుంది. మీది ఇంకా చిన్న మొక్కే అయితే దాని మీద రెండో మూడో పురుగుల్ని ఉంచి, మిగతావాటిని ఆకుతో సహా తుంచి ఇంకో నిమ్మ మీదికో, నారింజ, బత్తాయి మీదికో మార్చండి. కొంచెం పెద్దదైన పురుగుని వేరే రకం ఆకు మీద పెడితే కొన్నిసార్లు ముట్టకుండా పస్తుంటుంది, కాబట్టి మార్చేదేదో పసితనంలోనే మార్చాలి. ఒక సంగతి మాత్రం కలిపేసుకోకండి. నిమ్మాకు మీద వెండి గీతల్లా మెలికలు తిరిగిన దారులు కనిపించి ఆకు ముడుచుకుపోతే అది సీతాకోకచిలుక పని కాదు. లీఫ్ మైనర్ అనే చిన్న చిమ్మట (మాత్) పిల్ల ఆకు పొరల మధ్య తొలిచిన దారి అది. ఆ ఆకులు తుంచి పారేస్తే చాలు. దానికోసం మొక్కంతా మందు కొట్టక్కర్లేదు.

మీ అత్తగారి భయం ఉత్తిది కాదు. ఒళ్ళంతా గుబురు వెంట్రుకలతో ఉండే గొంగళిపురుగులు తగిలితే దద్దుర్లు, మంట వస్తాయి. మునగ చెట్టు కాండం మీద గుంపుగా పేరుకునేవి అందుకు పెట్టింది పేరు. అయితే అవి చిమ్మటల పిల్లలు. సీతాకోకచిలుకల పిల్లలు ఎక్కువ భాగం నున్నగా ఉంటాయి. పాన్సీ అనే చిలుకల పిల్లల లాంటి కొన్నిటికి కొమ్మలు కొమ్మలుగా ముళ్ళుంటాయి. చూస్తే భయమేస్తుంది గానీ అవి మంట పెట్టవు. పిల్లలకి ఒకే రూల్ చెప్పండి: వెంట్రుకలున్నదాన్ని ముట్టుకోవద్దు, లేనిదాన్ని కూడా అడగకుండా ముట్టుకోవద్దు. మునగ చెట్టు ఉంటే దాని దగ్గరికి పంపకండి. మిగతా పెరడు వాళ్ళకి వదిలేయొచ్చు.

పూలకి వచ్చిన చిలుకలు ఎందుకు ఉండడం లేదన్నది మీ అసలు ప్రశ్న. పెద్ద చిలుకకి పూల దగ్గర ఉన్న పని నాలుగు చుక్కల తేనె తాగడమే, అది అయిపోతే వెళ్ళిపోతుంది. అందులోనూ ముద్దగా, రేకు మీద రేకు వేసి పెంచిన ముద్దబంతి, చామంతిల్లో తేనె దగ్గరికి దారే ఉండదు. ఒంటి వరస రేకుల జిన్నియా నయం, అది ఉంచుకోండి. పెటూనియా అందానికి సరే, చిలుకలకి పెద్దగా పనికిరాదు. చిలుకని ఒక చోట కట్టిపడేసేది పువ్వు కన్నా ఆకు. చాలా జాతుల పిల్లలు ఒకటి రెండు కుటుంబాలకి చెందిన కొన్ని మొక్కల ఆకులే తింటాయి. ఆ మొక్క లేకపోతే ఆకలితో చచ్చిపోతాయి గానీ పక్క ఆకు ముట్టవు. గుడ్లు పెట్టాల్సిన ఆడ చిలుక ఎలా తిరుగుతుందో గమనించారా? పూల దగ్గర ఎగిరినట్టు ఉండదు. ఆకు ఆకు మీదా క్షణం వాలి, ముందు కాళ్ళతో టకటకా తడుతుంది. దానికి రుచి తెలిసేది కాళ్ళతోనే. సరైన ఆకు తగిలిందంటే పొట్ట చివర వంచి ఒక గుడ్డు అంటించి లేస్తుంది. అలా తిరిగే చిలుక కనిపిస్తే నర్సరీలో కొన్న పూలన్నీ మరిచిపోయి దాని వెనకే చూస్తూ ఉండండి, అది ఏ మొక్కని కోరుకుంటోందో అదే చెప్పేస్తుంది.

మన నేల మొక్కల మాట ఇక్కడే వస్తుంది. దక్కన్‌లో, తూర్పు కనుమల వైపు పుట్టి పెరిగిన మొక్కలకీ, ఇక్కడి చిలుకలకీ వేల తరాల పరిచయం. మీ చిన్న స్థలానికి నేనైతే మొదట జిల్లేడు వేస్తాను. ఇంత అందమైన మొక్కని మనం కలుపు కింద కొట్టేస్తాం. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ గుడ్లు పెడుతుంది. నారింజ రంగు రెక్కలు, నల్ల అంచులు, తెల్ల చుక్కలు, తాపీగా ఎగిరే చిలుక అది. దాని పిల్ల నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములతో దాక్కోకుండా దర్జాగా తింటుంది. దాక్కోవలసిన పని లేదు. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, తిన్న పిట్ట మళ్ళీ ముట్టుకోదు. ఆ పాల విషయంలో మీరూ జాగ్రత్త పడాలి. ఆకు తుంచిన చేత్తో కన్ను నలుపుకుంటే కంటికి గట్టి దెబ్బే తగులుతుంది. కోసినప్పుడు గ్లౌజులు వేసుకోండి, పిల్లలకి ఆ మాట ముందే చెప్పండి. జిల్లేడుకి పసుపు రంగు పేనుబంక పడుతుంది. మందు కొడితే పురుగులూ పోతాయి, నీళ్ళ పైపుతో విసురుగా కొట్టి రాల్చేయండి, అంతకు ముందు ఆకు కింద గుడ్లు, పిల్లలు ఉన్నాయేమో చూసుకోండి.

ప్లెయిన్ టైగర్ ఉన్న చోట ఇంకో తమాషా జరుగుతుంది. డనైడ్ ఎగ్‌ఫ్లై అనే చిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది, విషం మాత్రం లేదు. మగది చూస్తే ఆ జాతే అనుకోం: నల్లటి రెక్కల మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ వెలుగు పడినప్పుడు మెరిసే ఊదా నీలం. దీని పిల్లలకి కావలసింది గంగపాయల. నేల మీద పాకే ఆ మొక్కని కలుపని పీకకుండా ఒక మూల వదిలేస్తే చాలు.

రెండోది ఈశ్వరి తీగ. ఆకు పచ్చగా, ఎలాంటి హంగూ లేకుండా ఉంటుంది, పువ్వు చిన్న గొట్టంలా వింతగా ఉంటుంది. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే రెండు పెద్ద నల్ల చిలుకలకి ఇదీ దీని బంధువులూ తప్ప ఇంకేవీ పనికిరావు. ఈ తీగ వేస్తే మీ కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్‌లో ఉన్న మోసం కూడా బయటపడుతుంది. కామన్ మార్మన్ ఆడవి అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్‌లా, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్‌లా వేషం వేస్తాయి. రోజ్‌లకి ఈశ్వరి నుంచి వచ్చిన విషం ఉంటుంది కాబట్టి పిట్టలు వదిలేస్తాయి, ఆ పేరు వాడుకుని ఇవీ బతికిపోతాయి. రెక్కలు చూసి కనిపెట్టడం కష్టం. ఒళ్ళు చూడండి. నిజమైన రోజ్‌కి ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, వేషం వేసిన మార్మన్‌కి నల్లగా ఉంటుంది. పిల్లలతో ఈ ఆట ఆడితే టీవీ సంగతి గుర్తుకు రాదు. ఈశ్వరి మొక్క మందు మొక్క అని ఎవరైనా కషాయం కాచుకోమంటే మాత్రం వినకండి, అందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడుచేస్తుంది. అడవి నుంచి వేళ్ళతో పెకిలించి తేవడం కూడా వద్దు. పండిన కాయ దొరికితే విత్తనాలు తెచ్చుకోండి. ఒక హెచ్చరిక: పెద్ద పెద్ద పూలతో అలంకారానికి అమ్మే విదేశీ ఈశ్వరి రకాలు కొనకండి. చిలుక మోసపోయి వాటి మీద గుడ్లు పెడుతుంది, కొన్ని జాతుల పిల్లలు ఆ ఆకు తిని చచ్చిపోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తంగేడు వేస్తే ఎమిగ్రెంట్‌లు అనే లేత ఆకుపచ్చ తెలుపు చిలుకలూ, చిన్న పసుపు చిలుకలూ వస్తాయి. ముళ్ళగోరింట మీద పాన్సీలు పెరుగుతాయి, దాని పూలకి తేనె కోసం వచ్చేవి వేరే. చిత్రమూలం కుండీలో కూడా బతుకుతుంది, దాని మీద జీబ్రా బ్లూ అనే గోరంత చారల చిలుక గుడ్లు పెడుతుంది. సుగంధిపాల గానీ, గన్నేరు గానీ ఉంటే కామన్ క్రో వస్తుంది. చిలుక గోధుమ నలుపులో ఉంటుంది, దాని ప్యూపా మాత్రం వెండి పూత పూసినట్టు తళతళలాడుతూ ఆకు కింద వేలాడుతుంది. నమ్మలేక చేత్తో తడిమి చూసేవాళ్ళని చూశాను. గన్నేరు విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో సుగంధిపాలే మంచిది. తేనె కోసం వావిలి, తుమ్మి, నూరు వరహాలు చాలు. ఒక్కో రకం ఒక్కో మొక్క కాకుండా రెండు మూడు కలిపి గుంపుగా వేయండి, రోజులో ఐదారు గంటలు ఎండ పడే చోట, గాలి నేరుగా కొట్టని చోట.

మామిడి చెట్టు ఉందా? ఉంటే మీరు వేయవలసిందేమీ లేదు, చూడడం తెలిస్తే చాలు. బారన్ అనే చిలుక పిల్ల మామిడాకు మీద పెరుగుతుంది. పచ్చటి ఒళ్ళు, వీపు మధ్యలో పొడుగునా ఒక పసుపు గీత, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్ళు. సరిగ్గా ఆకు మధ్య ఈనె మీద తన గీత కలిసేలా పడుకుంటుంది. ఈనె ఎక్కడ ఆగి పురుగు ఎక్కడ మొదలైందో చెప్పలేం. మా పక్కింటి పెద్దాయన అదే చెట్టు కింద ఏళ్ళ తరబడి కుర్చీ వేసుకుని కూర్చున్నా దాన్ని చూడలేదు, చూపించాక రోజూ వెతుకుతున్నాడు.

అన్నీ మన నేలవే ఉండాలని పట్టుబట్టకండి. రణపాల మడగాస్కర్ నుంచి వచ్చింది, అయినా రెడ్ పియరట్‌కి అదంటే ప్రాణం. నలుపు, తెలుపు, నారింజ కలిసిన ఆ చిన్న చిలుక పిల్ల రణపాల ఆకు పొరల మధ్యలోకి దూరి లోపలి గుజ్జు తింటూ పెరుగుతుంది. ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల నీడలా కదులుతూ కనిపిస్తుంది. గడ్డి చామంతి అమెరికా నుంచి వచ్చిందే, కానీ ఎక్కడ బీడు నేల ఉంటే అక్కడ ఏడాది పొడుగునా చిన్న చిలుకలకి తేనె పోస్తుంది. ఒప్పుకోనిది ఒక్క లాంటానా విషయంలోనే. చిలుకలు దాని పూల మీద మూగుతాయి, నిజమే. కానీ పిట్టలు పండు తిని విత్తనాలు మోసుకుపోతాయి, అది అడవుల్లో గుబురుగా అల్లుకుపోయి అసలైన మొక్కల్ని లేవనివ్వదు. ఆ నష్టం ముందు మీ పెరట్లో నాలుగు చిలుకలు ఎక్కువ కనిపించడం లెక్కలోకి రాదు.

నర్సరీ నుంచి తెచ్చే మొక్కల్లో కనిపించని ప్రమాదం ఒకటుంది. అందంగా, ఒక్క చిల్లు లేకుండా ఉన్న మొక్కకి ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పోసి ఉండొచ్చు. అది పైన ఉండదు, వేళ్ళ ద్వారా రసంలోకి, ఆకుల్లోకి, తేనెలోకి వెళ్ళిపోతుంది. కడిగినా పోదు. అడిగి తెలుసుకుని కొనండి, అనుమానం ఉంటే చిలుక పిల్లలకి తిండి కావలసిన మొక్కలని విత్తనం నుంచో కొమ్మ నుంచో పెంచుకోండి. సేంద్రియ మందు అని అమ్మే బీటీ (ఒక బాక్టీరియా నుంచి చేసే పురుగుమందు) పొడి కూడా ఇక్కడ వద్దు, అది గొంగళిపురుగుల్ని చంపడానికే ఉన్నది.

చూడడం గురించి. ఎక్కడెక్కడికో వెంటపడితే ఏ చిలుకా నిలవదు. మీరే ఒక మొక్క పక్కన కూర్చోండి. పొద్దున్న ఎండ పడిన గంట తర్వాత మొదలుపెట్టి పదకొండు లోపు మంచి సమయం. చిలుక ఒళ్ళు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కితే తప్ప సరిగా ఎగరలేదు, కాబట్టి పొద్దున్నే రెక్కలు పరిచి ఎండకి కాచుకుంటూ కదలకుండా కూర్చుంటుంది. నీడ దాని మీద పడకుండా, వంగి, మెల్లిగా దగ్గరికి వెళ్తే జానెడు దూరం దాకా రానిస్తుంది. ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు రెక్కల పై భాగం ఒక్కటే తీసి ఊరుకోకండి, మూసిన రెక్కల అడుగు వైపు కూడా తీయండి. చాలా చిలుకల్ని గుర్తుపట్టేది ఆ అడుగు గీతలతోనే.

చిన్న నీలి చిలుకల్ని చులకన చేయకండి. కంది, అలసంద పూల చుట్టూ తిరిగే పీ బ్లూ వాలగానే వెనక రెక్కలు పైకీ కిందికీ రుద్దుతూ ఉంటుంది. రెక్క చివర రెండు నల్ల చుక్కలు, సన్నటి తోకలు. ఆ కదలికకి తోకలు మీసాల్లా, చుక్కలు కళ్ళలా కనిపిస్తాయి. దాడి చేసేది అదే తల అనుకుని అటు పొడుస్తుంది, రెక్క ముక్క పోతుంది గానీ ప్రాణం దక్కుతుంది. వెనక రెక్క చివర ఇరు వైపులా సమానంగా తెగిన చిలుక కనిపిస్తే ఒకసారి అలా తప్పించుకున్నదని అనుకోవచ్చు.

పూలకి రాని చిలుకలు కూడా ఉన్నాయి. బారన్, ఈవెనింగ్ బ్రౌన్ లాంటివి మురిగిన పండుకి వస్తాయి, ఒక పళ్ళెంలో బాగా మగ్గిన అరటిపండు చీమలు పట్టని చోట ఉంచండి. ఇంకో పళ్ళెంలో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపి, ఎప్పుడూ తడిగా ఉండేలా చూడండి. నిలవ నీళ్ళు వద్దు, దోమలు వస్తాయి. తడి ఇసుకకి వచ్చేవి ఎక్కువగా మగవి, వాటికి కావలసింది అందులోని సోడియం. స్థలం ఉంటే గిలిగిచ్చ ఒకటి వేయండి. బ్లూ టైగర్‌లు, క్రోలు దాని ఆకు గీరి ఆ రసం కోసం వేలాడతాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి మగవాటికి అందులోని ఆల్కలాయిడ్లు కావాలి. ఈ రెండు రకాలూ పడమటి కనుమలకీ తూర్పు మైదానాలకీ మధ్య గుంపులుగా ప్రయాణం చేసేవి. దారిలో మీ ఇల్లు తగిలితే ఒకే కొమ్మకి పదుల కొద్దీ వేలాడడం చూస్తారు.

మీ అమ్మాయి సీసా విషయం: పెంచనివ్వండి, ఒకటో రెండో. మూత పెట్టిన సీసా మాత్రం వద్దు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. గాలి ఆడే జాలీ డబ్బా తీసుకుని, అదే మొక్క కొమ్మ నీళ్ళ సీసాలో గుచ్చి పెట్టమనండి. సీసా మూతి దూదితో మూయాలి, లేకపోతే పురుగు నీళ్ళలో పడుతుంది. రోజూ రెట్టలు ఊడ్చి కొత్త ఆకు వేయాలి, అది తనే చేయాలని షరతు పెట్టండి. లోపల నిలువుగా ఒక పుల్ల ఉండాలి. చిలుక బయటికి వచ్చేది ఎక్కువగా పొద్దున పూట. ముడుచుకుపోయిన రెక్కలతో వచ్చి, వేలాడి, వాటిలోకి ఒంట్లోని ద్రవం ఎక్కించి విప్పుకుంటుంది. రెండు ముక్కలుగా ఉన్న తొండాన్ని చుట్టుతూ విప్పుతూ ఒకటిగా అతికించుకుంటుంది. ఎర్రటి చుక్కలు కారితే రక్తమని భయపడొద్దు, ప్యూపాలో మిగిలిన వ్యర్థం అది. గంటా రెండు గంటలూ ముట్టుకోకూడదు. ఒక్కోసారి ప్యూపాలోంచి చిలుక బదులు చిన్న కందిరీగలో, ఈగలో వస్తాయి. అమ్మాయి ఏడుస్తుంది. వాటి పిల్లలకీ అదే తిండి అని చెప్పండి. మొక్క మీద ఉన్న పురుగుల్లో ఎక్కువ భాగం సాలీళ్ళకి, కందిరీగలకి, పిట్టలకి పోయేవే, అందుకే తల్లి అన్ని గుడ్లు పెడుతుంది. మొత్తం పురుగుల్ని ఇంట్లోకి తెచ్చి కాపాడే పని పెట్టుకోకండి.

ఎండాకాలంలో చిలుకలు తగ్గుతాయి, మీ తప్పేమీ లేదు. వానలు మొదలైన రెండు నెలల నుంచి చలికాలం వచ్చేదాకా వాటి రాజ్యం. ఎండల్లో కనిపించే ఈవెనింగ్ బ్రౌన్‌ని వానాకాలం దానితో పోల్చి చూడండి. వానల్లో రెక్కల అడుగున కళ్ళలాంటి చుక్కలు స్పష్టంగా ఉంటాయి, ఎండల్లో పుట్టినవి అచ్చం ఎండుటాకులా ఉంటాయి. అందుకే ఆ నెలల్లో రాలిన ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టకండి, ఒక మూల గడ్డి కూడా కోయకుండా ఉంచండి, ఈవెనింగ్ బ్రౌన్ పిల్లలు తినేది గడ్డే. కొమ్మలు కత్తిరించే ముందు ప్యూపాలు ఉన్నాయేమో చూసి, ఉన్న కొమ్మ వదిలేయండి. ఇసుక పళ్ళెం తడి ఆరనివ్వకండి. కొత్త మొక్కలు నాటడం తొలి వానలు పడ్డాక పెట్టుకోండి. తంగేడు, జిల్లేడు నేల మీద వేస్తే వేరు పట్టాక మీ నీళ్ళ కోసం చూడవు. ఈశ్వరి తీగ మొదటి ఏడాది సన్నగా, నీరసంగా ఉంటుంది, రోజ్‌లు గుడ్లు పెడితే నాలుగు రోజుల్లో మోడైపోతుంది. రెండు మూడు తీగలు వేసి, ఒకదాని మీద దోమతెర కప్పి ఉంచండి. మొదటిది ఖాళీ అయ్యాక ఆ తెర తీస్తే సరిపోతుంది.